పురానాపూల్ మీద కూరగాయలు ఉండనివ్వండి

ముందే ఒక మాట చెప్పేస్తా. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా నాది ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు, మాట్లాడటం బాగా వచ్చు, రాయడం మాత్రం ఈ క్లబ్‌లో చేరాకే మొదలుపెట్టా. అందుకే ఇందులో పుస్తకం భాష, ఇంటి మాట, హాస్టల్ మాట మూడూ కలిసిపోతాయి. ఎడిటర్ అక్క కొన్ని దిద్దింది, కొన్నింటికి "ఉండనీలే" అంది.

ఇక విషయం. హైదరాబాద్‌లో మూసీ మీద పురానాపూల్ అని ఒక వంతెన ఉంది. 1578లో కట్టింది. దాని మీద బండ్లు తిరగవు, కూరగాయల మార్కెట్ నడుస్తుంది. ఆ మార్కెట్‌ని అక్కడి నుంచి తీసేసి వంతెనను అందమైన టూరిస్ట్ స్పాట్ చేయాలని చాలామంది అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఎందుకు మారానో చెప్పడానికే ఈ వ్యాసం.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం నలుగురం కలిసి పాతబస్తీ చూద్దామని బయల్దేరాం. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నది వెంబడి నడుచుకుంటూ పోయాం. అందరూ చార్మినార్‌తో మొదలుపెడతారు కదా, మనం వెరైటీగా చార్మినార్ కంటే పాతదానితో మొదలుపెడదాం అనేది నా ఐడియానే. ఫోన్‌లో చదివి చెప్పా: "22 కమాన్లు, మొత్తం రాతి కట్టడం, నాలుగున్నర వందల ఏండ్లకు దగ్గర పడింది." అందరూ సరే అన్నారు.

తీరా పోతే అది వంతెన అని తెలియడానికే కొంచెం సేపు పట్టింది. రెండు పక్కలా గంపలు, తోపుడు బండ్లు, నీలం పట్టాలు, కింద ఉల్లి పొట్టు, కొత్తిమీర కాడలు. "పావు కిలో ఇరవై" అని అరుపులు. మధ్యలో నడవడానికి ఉన్న కొంచెం జాగాలో జనం. అంచుకు పోయి పిట్టగోడ మీద నుంచి తొంగి చూస్తేనే కింద మూసీ కనిపిస్తుంది. నది వాసన సంగతి నేను రాయక్కర్లేదు.

మా వాడొకడు అన్నాడు, "వీళ్లందర్నీ ఖాళీ చేయించి, లైట్లు పెట్టి, రెండు కేఫ్‌లు పెడితే ఏముంటుందిరా ఈ ప్లేస్!" నేను తల ఊపా. ఊపడమే కాదు, "నిజమే, మనవాళ్లకి హెరిటేజ్ విలువ తెలీదు" అని కూడా అన్నా. ఆ డైలాగ్ ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఎట్లాగూ వచ్చాం కదా అని ఫొటో తీశా. ఫొటోలో అడ్డంగా మనుషులు. ఏం చేశానో మీకు చెప్పక్కర్లేదు, మీ ఫోన్‌లో కూడా ఆ ఎరేజర్ ఉంది. వేలితో గీస్తే మనిషి మాయం. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కర్నీ తీసేస్తూ పోయా. ముగ్గురు ఆడవాళ్లు, ఒక తోపుడు బండి, చాయ్ పట్టుకుపోయే పిల్లాడు, పట్టాలు, గంపలు. పది నిమిషాల్లో ఖాళీ రాతి వంతెన తయారైంది. "1578" అని మాత్రం రాసి స్టేటస్ పెట్టా. బాగా హార్ట్‌లు వచ్చాయి.

ఆ రాత్రి ఇంటి నుంచి ఫోన్. మా నాయినమ్మ. మా చెల్లె ఆమెకు నా స్టేటస్ చూపించిందట.

"ఏందిరా, గా పూల్ మీద ఒక్క మనిషి లేడు? పాడువడ్డదా?"

"లేదు నాయినమ్మా, మస్తు మంది ఉన్నరు. నేనే తీసేసిన."

"తీసేసుడు ఏంది?"

"ఫొటోలకెళ్ళి తీసేసిన. మంచిగ కనవడాలని."

కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "మనుషులు లేకుంటే మంచిగ కనవడ్తదా? నాకైతే ముంపు ఊరు లెక్క కొట్టింది."

ఈ మాట మీకు అర్థం కావాలంటే మా ఊరి గురించి చెప్పాలి. మాది దొంకేశ్వర్. నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ దగ్గర. ఆర్మూర్ అంటే పసుపు. జనవరి దాటిందంటే మా వైపు ఏ చేనులో చూసినా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. ఇంట్లో బట్టలకీ పుస్తకాలకీ అదే వాసన. ఊరికి ఇంకో వైపు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు బ్యాక్‌వాటర్. పోచంపాడు దగ్గర 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. దాని కాలువల నీళ్లతో ఎన్ని జిల్లాల్లో పంటలు పండుతున్నాయో మనకు తెలుసు. ఆ నీళ్ల కోసం గోదావరి ఒడ్డు ఊళ్లు కొన్ని మునిగాయి కూడా. మా నాయినమ్మ పుట్టిన ఊరు అందులో ఒకటి.

ఆమె చిన్నప్పుడు ఎండాకాలం గోదావరి దాటడం పెద్ద పని కాదట. ఇసుకలో నడిచి, మోకాలి లోతు పాయ దాటి, చుట్టాలింటికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లట. ప్రాజెక్టు నిండాక నది సముద్రం లెక్క అయ్యింది. కళ్ల ముందు కనిపించే అవతలి ఒడ్డుకు పోవాలంటే సోన్ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. ఊరు ఖాళీ చేసే రోజుల్లో, జనం వెళ్లిపోయి నీళ్లు ఇంకా రాని ఆ కొన్ని రోజులు, ఆమె ఒకసారి పోయి చూసిందట. ఇండ్లు ఉన్నాయి, గడపలు ఉన్నాయి, మనుషులు లేరు. నా స్టేటస్ ఫొటో చూసి ఆమెకు గుర్తొచ్చింది అదీ.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఇప్పుడు మా వైపు బ్యాక్‌వాటర్ మీద వంతెన ఉంది. మా నాయినమ్మకు అది చుట్టాల ఇంటికి పోయే తొవ్వ. సెలవు రోజుల్లో దూరం నుంచి జనం ఆ నీళ్లు చూడటానికి, ఫొటోలు దిగడానికి వస్తారు. రానీ, సంతోషమే. కానీ పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకసారి నేను బర్రెలను తోలుకుని పోతుంటే ఒకాయన కెమెరా పట్టుకుని, "తమ్ముడూ, కొంచెం వాటిని పక్కకు తీసుకెళ్తావా, ఫ్రేమ్‌లో పడుతున్నాయి" అన్నాడు. నాకు చాలా కోపమొచ్చింది. మా ఊళ్లో మా బర్రెలు ఆయన ఫ్రేమ్‌లో పడటమేంటి, ఆయనే మా తొవ్వలో నిలబడ్డాడు కదా అనిపించింది. ఇంటికొచ్చి అందరికీ చెప్పి తిట్టుకున్నా.

తొమ్మిది నెలలు తిరక్కుండానే పురానాపూల్ మీద నేను చేసింది సరిగ్గా అదే. ఆయన కనీసం అడిగాడు. నేను అడగకుండా చెరిపేశా.

ఫోన్ పెట్టేశాక ఆ వంతెన గురించి నిజంగా చదవడం మొదలుపెట్టా. లైబ్రరీలో ఉన్న హైదరాబాద్ చరిత్ర పుస్తకాలు రెండు తిరగేశా. టూరిస్ట్ పేజీల్లో ముందు కనిపించేది ప్రేమ కథ. యువరాజు మహమ్మద్ కులీ, అవతలి ఒడ్డున ఉన్న భాగమతి కోసం వరదలో గుర్రం మీద నది దాటబోయాడని, తండ్రి భయపడి వంతెన కట్టించాడని. కథ బాగుంది. కానీ మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి 13 ఏళ్లు. ఎనిమిదో తరగతి పిల్లాడి లవ్ స్టోరీ కోసం 22 కమాన్ల వంతెన కట్టిన తండ్రి ఉన్నాడంటే మా నాన్న నమ్మడు. కారణం అంతకన్నా మామూలుది. గోల్కొండ రాజ్యానికి సముద్రపు రేవు మచిలీపట్నం. కోట మూసీకి ఈ పక్క, రేవుకు పోయే దారి ఆ పక్క. సరుకు దాటాలి, బండ్లు దాటాలి, మనుషులు దాటాలి. అంటే ఆ వంతెన మొదటి రోజు నుంచీ వ్యాపారం నడిచే తోవలోనే ఉంది.

కట్టించింది ఇబ్రహీం కుతుబ్ షా. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. రాజు కాకముందు దాదాపు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు మీద ఇష్టం పెంచుకున్నాడు. తర్వాత తన కొలువులో తెలుగు కవులను ఆదరించాడు. మన కవులు ఆయన పేరును 'మల్కిభరాముడు' అని తెలుగు చేసేశారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు క్లబ్ వాళ్లం మనకు ఇది తెలిసి ఉండాలి కదా? నాకైతే తెలీదు. ఇబ్రహీం కుతుబ్ షా అంటే నాకు ఇబ్రహీంపట్నం బస్సు గుర్తొచ్చేది.

వంతెన పూర్తయిన 13 ఏళ్లకు, 1591లో, దక్షిణం ఒడ్డున చార్మినార్‌తో హైదరాబాద్ మొదలైంది. ముందు వంతెన, తర్వాత నగరం. ఆ తర్వాతి శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్ ఈ వంతెన చూసి, అందంలో పారిస్‌లోని పాం నెఫ్‌కు పెద్దగా తీసిపోదని రాశాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. పాం నెఫ్‌కు మొదటి రాయి వేసింది కూడా 1578లోనే. పూర్తయింది 1607లో. ఆ పేరుకు అర్థం 'కొత్త వంతెన'. ఇప్పుడు పారిస్‌లో నిలబడి ఉన్న వంతెనల్లో అదే అన్నింటికన్నా పాతది. వాళ్లది పాతదైనా పేరు 'కొత్త' దగ్గరే ఆగిపోయింది. మనది, పక్కన కొత్తవి వచ్చాక 'పురానా' అయిపోయింది.

1820 వరదలో దెబ్బతింటే సికందర్ జా కాలంలో బాగు చేయించారు. తర్వాత 1908 సెప్టెంబర్ 28. మూసీ వరద అంటే హైదరాబాద్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే రోజు అది. 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్, మూడు వంతెనలూ కొట్టుకుపోయాయి. రెండు ఒడ్డులనూ కలుపుతూ మిగిలింది పురానాపూల్ ఒక్కటే. అంత పెద్ద ఊరికి ఆ రోజుల్లో అటూ ఇటూ పోవడానికి అదొక్కటే తోవ. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి ఉన్నా మూసీ మూసీనే. 2025 సెప్టెంబర్ చివర్లో పైనుంచి నీళ్లు వదిలితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వరద వచ్చింది. అప్పుడు మాకు దసరా సెలవులు. ఊరికి పోదామని బ్యాగులు సర్దుకుని కూర్చున్న మా హాస్టల్ వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇదంతా చదివాక మార్చి మొదటి వారంలో మళ్లీ పోయా. ఈసారి ఒక్కణ్నే, ఫోన్ జేబులో పెట్టుకుని, చేతిలో ఒక గుడ్డ సంచితో. దక్షిణం వైపు దర్వాజా కింద కొంచెం సేపు నిలబడ్డా. ఒకప్పటి నగరం గోడకు ఉన్న దర్వాజాల్లో ఇప్పుడు రెండే మిగిలాయి, దబీర్‌పురాది, ఇదీ. వంతెన మీదికొచ్చి, దాటే వాళ్లని లెక్కపెడదామని మొదలుపెట్టి, రెండు వందలు దాటాక ఆపేశా. స్కూల్ పిల్లలు, బుర్ఖాలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు, నెత్తి మీద మూట పెట్టుకున్న పెద్దాయన, సైకిల్ నడిపించుకుంటూ పోయే ఒకతను. అందరూ ఏదో పని మీద ఉన్నవాళ్లే. టూరిస్టును నేనొక్కణ్నే.

ఒక గంప ముందు ఆగా. పెద్దామె. నన్ను చూడగానే అంది, "ఏం బిడ్డా, ఫొటో తీస్తవా, కొంటవా?"

అంటే ఫొటోల వాళ్లు బాగానే అలవాటన్నమాట. "కొంటా అవ్వా" అన్నా. హాస్టల్‌లో వండుకునేది లేదు కాబట్టి కీర దోసకాయలు తీసుకున్నా. పక్క గంపలో పచ్చి పసుపు కొమ్ములు కనిపించాయి. ధర అడిగా. చెప్పింది. నా మొహం చూసి, "ఎక్కువనా?" అంది.

"కాదవ్వా, నేను పసుపు ధర అడుగుడు ఇదే ఫస్టు. మాది ఆర్మూర్ దిక్కు. మా ఇంట్ల పండేదే గిది."

నవ్వింది. "అయితే మీ నాయిన పండిచ్చిందే నీకు అమ్ముతున్ననేమో."

ఎన్ని రోజుల నుంచి ఇక్కడ కూర్చుంటున్నావని అడిగా. "గీ జాగ మా అత్తది. ఆమె పోయినంక నేను కూసుంటున్న" అంది. ఈ వంతెన ఎన్ని ఏండ్లదో తెలుసా అని అడిగా. అడిగాక అనిపించింది, ఇది టీచర్ ప్రశ్నలా ఉందని. ఆమె ఏమీ అనుకోలేదు. "నవాబుల కాలంది. గట్టిది. గది తెల్వకనే గింత మందిమి కూసుంటమా?"

హెరిటేజ్ విలువ తెలీదు అన్నది నేనే. ఎవరికి తెలీదో నాకు అక్కడ అర్థమైంది.

ఇప్పుడు అవతలి వాదన కూడా న్యాయంగా చూడాలి. మార్కెట్ తీసేయాలనే వాళ్లు ఊరికే అనరు. మూడు కారణాలు చెబుతారు. ఒకటి, పాత కట్టడం మీద ఇంత బరువు, ఇంత జనం మంచిది కాదు. రెండు, చెత్త. మూడు, వంతెన అందం కనిపించడం లేదు.

మూడోది ముందు తేల్చేద్దాం. వంతెన అందం దాని కమాన్లలో ఉంది. అది పక్కన ఉన్న కొత్త వంతెన మీద నుంచి చూస్తే కనిపిస్తుంది, పైన నిలబడితే కాదు. పైభాగం నడవడానికి కట్టింది. నడుస్తున్నారు.

రెండోది, చెత్త. నిజమే, ఉంది. నేను కప్పిపుచ్చను. కానీ మన క్యాంటీన్ వెనక కూడా చెత్త ఉంది. దానికి మనం క్యాంటీన్ ఎత్తేయమని అడగం, రోజూ ఎత్తించమని అడుగుతాం. కూరగాయల చెత్త తడి చెత్త, ఎరువు చేసుకోవచ్చు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బండి వస్తే సగం సమస్య తీరుతుంది.

మొదటిది, బరువు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. నేను చదివేది కంప్యూటర్ సైన్స్, సివిల్ కాదు. రాతి కమాను బరువును కిందికీ పక్కలకీ నొక్కుడుగా పంపిస్తుందని, రాయి ఆ నొక్కుడును బాగా తట్టుకుంటుందని మాత్రం తెలుసు. రాళ్ల సందుల్లో మొలిచే రావి, మర్రి మొక్కల వేర్లు ఆ పట్టును విడదీస్తాయని కూడా తెలుసు. నాకు ఆ వంతెన పక్కల్లో పచ్చగా మొక్కలు కనిపించాయి. 2022 అక్టోబర్ 30న గుజరాత్‌లోని మోర్బీలో ఏం జరిగిందో గుర్తుందా? పాతకాలపు వేలాడే వంతెన, మరమ్మతు చేసి తెరిచిన నాలుగు రోజులకే తెగిపోయి 130 మందికి పైగా చనిపోయారు. వాళ్లంతా పని మీద దాటుతున్న వాళ్లు కాదు, ఎక్కువమంది చూడటానికి వచ్చిన వాళ్లు. కాబట్టి బరువు గురించి భయం ఉంటే అది గంపల విషయంలోనే కాదు, కేఫ్‌లూ సెల్ఫీ గుంపుల విషయంలో కూడా ఉండాలి. ముందు ఇంజినీర్లు పరీక్షించాలి, ఎంతమందిని మోస్తుందో చెప్పాలి, ఆ రిపోర్టు అందరికీ కనిపించాలి. "ఇంతకు మించి గంపలు వద్దు" అని ఇంజినీర్లు చెబితే నేను ఒప్పుకుంటా. "బాగా కనిపించడం లేదు" అని చెబితే ఒప్పుకోను.

"అందంగా చేద్దాం" అనే మాట ఎక్కడికి పోతుందో చూడాలంటే ఇటలీలోని ఫ్లోరెన్స్ చూడండి. అక్కడి పాంటే వెక్కియో కూడా దుకాణాలున్న వంతెనే, పేరుకు అర్థం కూడా 'పాత వంతెన'. ఇప్పుడున్నది 1345లో కట్టింది. ఒకప్పుడు దాని మీద మాంసం కొట్లు ఉండేవి. వాసన వస్తుందని 1593లో అక్కడి పాలకుడు ఫెర్డినాండో వాళ్లను ఖాళీ చేయించి బంగారం దుకాణాలు పెట్టించాడు. ఇప్పటికీ అక్కడ నగల కొట్లే. ఫొటోలో చాలా బాగుంటుంది. కానీ ఫ్లోరెన్స్‌లో ఒక మామూలు ఇల్లాలు సాయంత్రం వంటకు ఏమైనా కొనుక్కోవాలంటే ఆ వంతెన మీద ఏం దొరుకుతుంది?

ఈ మాట హాస్టల్‌లో అంటే మా రాజమండ్రి రూమ్మేట్ ఒప్పుకోలేదు. "మరి మా హావ్‌లాక్ బ్రిడ్జి సంగతేంటి? వాడకం లేక అలా పడి ఉంది. టూరిజం వాళ్లు పట్టించుకుంటేనే కదా బతికేది" అన్నాడు. వాడి పాయింట్ కరెక్టే. గోదావరి మీద 1900లో రైళ్లకు తెరిచిన వంతెన అది, 1997లో ఆపేశారు. అప్పటి నుంచి దాన్ని పర్యాటక స్థలం చేస్తామనే మాట వినబడుతూనే ఉంది. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు అందులో హావ్‌లాక్ వంతెన కూడా ఉంది. మంచిదే. పని అయిపోయిన వంతెనకు టూరిజం కొత్త పని ఇస్తుంది. నా వాదన టూరిజం మీద కాదు. ఇంకా పని చేస్తున్న వంతెనను ఆపి టూరిస్ట్ స్పాట్ చేయడం మీద. మన భాషలో చెప్పాలంటే, రోజూ వేలమంది వాడుతున్న పాత కోడ్‌ను, చూడటానికి బాలేదని ఎవరూ డిలీట్ చేయరు. జాగ్రత్తగా మెయింటైన్ చేస్తారు.

ఇంతకీ ఏం చేయాలంటే, నాకు తోచినవి ఇవి. రాళ్ల సందుల్లో మొక్కలను తెలిసినవాళ్లతో తీయించాలి. బరువు పరీక్ష చేయించాలి. చెత్త బండి, తాగునీళ్లు, ఆడవాళ్లకు టాయిలెట్, రాత్రికి లైట్లు పెట్టాలి. ఇవి అమ్మేవాళ్లకీ, కొనేవాళ్లకీ, మనలాంటి చూసేవాళ్లకీ అందరికీ కావాల్సినవే. రెండు చివర్లా తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్‌లో ఒక బోర్డు పెట్టాలి, నాకు ఎక్కడా కనిపించలేదు. అందులో 1578 ఉండాలి, మల్కిభరాముడు ఉండాలి, 1908 ఉండాలి, ఇక్కడ కూరగాయల మార్కెట్ నడుస్తుందని కూడా ఉండాలి. ఏ మార్పు చేయాలన్నా ముందు గంపల ముందు కూర్చున్న వాళ్లను అడగాలి. వంతెన రోజుకు ఎన్ని గంటలు ఎండలో ఉంటుందో వాళ్ల కంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

ఇక మన పని. ఆ ఎరేజర్ ఎలా పని చేస్తుందో మన క్లాస్‌లో చాలామందికి తెలుసు. మనిషిని తీసేసిన చోట ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో ఏముందో ఫోన్‌కు తెలీదు. చుట్టుపక్కల పిక్సెల్స్ చూసి, ముందు నేర్చుకున్న లక్షల ఫొటోలను బట్టి, ఇక్కడ రాయి ఉండొచ్చు అని ఊహించి గీసేస్తుంది. అంటే నేను 1578 అని గొప్పగా రాసి పెట్టిన ఫొటోలో చాలా రాళ్లు అసలు ఆ వంతెనవే కావు. నిజంగా అక్కడున్న మనుషులను తీసేసి, అక్కడ లేని రాళ్లు పెట్టా. హెరిటేజ్ అని పేరు పెట్టా. దీనికి వచ్చిన హార్ట్‌లు ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలీదు.

ఈసారి పోయినప్పుడు ఆ పెద్దామెను అడిగి ఒక్క ఫొటో తీసుకున్నా. కొంగు సర్దుకుని, తక్కెడ పట్టుకుని కూర్చుంది. ఆమె వెనక గంపలు, పట్టాలు, జనం, కొంచెం పిట్టగోడ. ఏమీ చెరపలేదు. ఆమె స్టేటస్‌లో పెట్టొద్దు అంది, పెట్టలేదు. నాయినమ్మకు మాత్రం చూపించమని చెల్లెకు పంపా.

రాత్రి ఫోన్ వచ్చింది. "గిప్పుడు పూల్ లెక్క ఉన్నది" అంది నాయినమ్మ. తర్వాత ఆమెకు అసలు కావాల్సిన ప్రశ్న అడిగింది.

"కీరకాయలు ఎట్లిచ్చింది?"

చెప్పా.

"ఎక్కువ వెట్టినవ్ పో. బేరం చేసుడు గూడ రాదు నీకు. వచ్చే నెల నన్ను తీస్కపో, నేను కొంట."

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక తీసుకుపోతున్నా. మీరెవరైనా వస్తానంటే చెప్పండి, అఫ్జల్‌గంజ్ నుంచి నడుద్దాం. సంచి మాత్రం మర్చిపోవద్దు.